ఒక్క మెతుకు: దీర్ఘములగు వీడియో ఆటల విమర్శచరిత్ర

కుండలోని అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు గృహిణి కుండయంతయు కుమ్మరించి చూడదు. గరిటెతో ఒక్క మెతుకు తీసి వ్రేళ్లనడుమ నలిపి చూచును. దీనినే మన శాస్త్రకారులు స్థాలీపులాకన్యాయ మనిరి. శాస్త్రచర్చలోను కావ్యవిమర్శలోను ఈ న్యాయము చిరకాలముగా చెల్లుచున్నది. అయితే దీనికొక నిబంధన కలదు. దానిని మనము తఱచుగా మఱచిపోవుదుము. కుండలోని బియ్యమంతయు ఒక్క రకముగా నుండవలెను. ఒక్కటే నీటిలో, ఒక్కటే మంటపై, ఒక్కటే వేళ పడియుండవలెను. పాత బియ్యమును క్రొత్త బియ్యమును కలిపి వండిన కుండలో ఒక్క మెతుకు చెప్పు సాక్ష్యము నమ్మదగినది కాదు.

గత వేసవిలో మా విద్యార్థి తండ్రి యొకరు మా యింటికి వచ్చిరి. కుమారుడు పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకొన్నచో ఒక వీడియో ఆట కొనియిచ్చెదనని వారు మాట యిచ్చియుండిరి. దాని వెల నాలుగు వేల రూపాయలకు పైబడినది. ఒక సమీక్షకుడు దానికి పదింట తొమ్మిది మార్కు లిచ్చెను. మఱియొకడు ఆఱు మాత్రమే యిచ్చెను. "మాస్టారుగారూ, వీళ్లలో ఎవరి మాట నమ్మమంటారు?" అని వారడిగిరి. ఆటల సంగతి మాకేమి తెలియునని త్రోసిపుచ్చుట సులభమే. కాని ఆ రెండు సమీక్షలను చదివి చూడగా, మార్కులకంటె వేఱొక విషయము మా మనస్సును పట్టినది. ఆట ముగియుటకు దాదాపు ఎనుబది గంటలు పట్టునని ఇద్దఱును వ్రాసిరి. తాము ఎన్ని గంటలాడి యీ తీర్పు చెప్పిరో ఇద్దఱును వ్రాయలేదు. ఆ మౌనమే యీ వ్యాసమునకు కారణము.

సాహిత్యపత్రికకు ఆటల గొడవ యేలయని కొందఱు చదువరులు శంకింపవచ్చును. గ్రంథవిమర్శకు పుటలు కేటాయించు పత్రిక యేదైనను న్యాయస్థానము వంటిదే. తీర్పు చెప్పువాడు సాక్ష్యమును ఎంతవఱకు వినెనను ప్రశ్న ఆటకైనను, గ్రంథమునకైనను, బడిపిల్లవాని ఉత్తరపత్రమునకైనను ఒక్కటే. ఆటల చరిత్రలో ఆ ప్రశ్న మిక్కిలి స్పష్టముగా కనబడుచున్నది గనుక దానిని తీసికొంటిమి.

ఈ యాటలు మొదట మిక్కిలి పొట్టివి. జపానుదేశమున 1978లో తైతో సంస్థవారి 'స్పేస్ ఇన్వేడర్స్', 1980లో నామ్కో సంస్థవారి 'పాక్‌మాన్' వెలువడినవి. ఇవి అంగళ్లలోను వినోదశాలలలోను నిలిపిన పెట్టెలలో నాణెము వేసి యాడవలసినవి. క్రొత్తవాని ఆట కొలది నిమిషములలో ముగియును. పెట్టె యజమానికి మఱియొక నాణెము దొరకును. పాక్‌మాన్‌లో నున్నది ఒక్కటే చిక్కుదారుల పటము. ఆటగాడెంత నేర్పరియైనను మఱల మఱల ఆ పటమునే చూచును. వేగమును, తఱుముకొని వచ్చు భూతముల తీరును మాత్రము మాఱుచుండును. 256వ మెట్టున యంత్రము లెక్కతప్పి, తెఱలో కుడి సగమంతయు గజిబిజి యగును. అదియే దాని ముగింపు. ఇట్టి యాటను ఒక గంట యాడినవాడు దాని గుణదోషములను నిశ్చింతగా చెప్పగలడు. ఇక్కడ బియ్యమొక్కటే, మంటయు నొక్కటే. 1981లో ఇంగ్లండున 'కంప్యూటర్ అండ్ వీడియో గేమ్స్', అమెరికాలో 'ఎలక్ట్రానిక్ గేమ్స్' అను పత్రికలు పుట్టినవి. ఆటల విమర్శకు కావలసిన ఆచారములు ఆ పొట్టి యాటల కాలముననే యేర్పడెను: ఒక విమర్శకుడు, ఒక పుట, ఒక గడువు, చివర కొన్ని మార్కులు.

ఆచారము నిలిచినది గాని ఆట నిలువలేదు. 1984లో కేంబ్రిడ్జి విద్యార్థులగు డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ అను నిరువురు 'ఎలీట్' అను ఆటను చేసిరి. 32 కిలోబైట్ల జ్ఞాపకశక్తి మాత్రమే కల బీబీసీ మైక్రో అను కంప్యూటరులో ఎనిమిది నక్షత్రమండలములను, ఒక్కొక్క మండలమున 256 గ్రహములను వారు ఇమిడ్చిరి. ఆ గ్రహములను ఒక్కొక్కటిగా వ్రాసి పెట్టలేదు. ఒక గణితసూత్రము వానిని అప్పటికప్పుడు పుట్టించును. వర్తకము చేసికొనుచు, దొంగలతో పోరాడుచు, ఆటగాడు తనకు తోచినంతకాలము తిరుగవచ్చును. 1986లో జపానున వెలువడిన 'జెల్డా' ఆటలో, నడుమ నిలిపిన చోటును పళ్లెములో వ్రాసికొని, మఱునాడు అచ్చటినుండి సాగించు వసతి కలిగెను. మఱుసంవత్సరము అమెరికాకు పోయిన ప్రతిలో ఆ గుర్తును ఒక చిన్న బ్యాటరీ కాపాడెను. 1986లోనే వచ్చిన 'డ్రాగన్ క్వెస్ట్'లో బ్యాటరీ లేదు. ఆటగాడు ఇరువది అక్షరముల మంత్రమొకటి కాగితముపై వ్రాసికొని మఱునాడు దానిని తిరిగి చెప్పవలెను. అందొక్క అక్షరము తప్పినను కష్టపడినదంతయు నీటిపాలు.

పుస్తకములో పెట్టు గుర్తుకాగితము వంటి యీ చిన్న వసతియే ఆటల దీర్ఘత్వమునకు దారి తీసెను. నాటినుండి ఆట యొక సాయంకాలపు వినోదము గాక, నెలల తరబడి యింట కాపురముండు అతిథి యయ్యెను. విమర్శకునకు దొరకిన పుటయు గడువును మాత్రము పూర్వపువే.

దీర్ఘమగు గ్రంథములను విమర్శించుటలో నీ కష్టము లేదాయని యడుగవచ్చును. ఉన్నది. ఆంధ్రమహాభారతమునే తీసికొందము. ఆదిసభాపర్వములను, అరణ్యపర్వములో కొంతభాగమును పదునొకండవ శతాబ్దమున నన్నయ రచించెను. విరాటపర్వము మొదలు పదునైదు పర్వములను పదుమూడవ శతాబ్దమున తిక్కన రచించెను. అరణ్యపర్వశేషమును పదునాలుగవ శతాబ్దమున ఎఱ్ఱన పూరించెను. ఆదిపర్వము మాత్రము చదివి తెలుగు భారతమంతటిపై తీర్పు చెప్పువాడు తిక్కనను చూడనే లేదు. ఆ కుండలోని బియ్యము మూడు కాలములది. అయినను గ్రంథమున కొక ఔదార్యము కలదు. ఓపిక లేని విమర్శకుడు విరాటపర్వమును నడుమనుండి తెఱచి నాలుగు పద్యములు చదువగలడు. చివరి పుట తిప్పి చూడగలడు. పుస్తకము తన తలుపు లన్నింటిని ఒక్కమాఱే తెఱచి యుంచును. దీర్ఘమగు ఆట యట్లు చేయదు. మొదటి కోట గెలువనివానికి రెండవ కోట కనబడదు. చివరి యంకమును చూడవలెనన్న నడుమనున్న అఱువది గంటలును చెల్లింపవలసినదే. విమర్శకుని కష్టమునకు అసలు మూల మిది.

ఈ కష్టమునకు ప్రసిద్ధమగు ఉదాహరణము 'ఫైనల్ ఫాంటసీ 13'. ఇది 2009 డిసెంబరున జపానునందును, 2010 మార్చిలో ఇతర దేశములందును వెలువడినది. ఇందు పదుమూడు ప్రకరణములు. మొదటి పది ప్రకరణములలో ఆటగాడు గోడలనడుమ సందులో నడచినట్లు తిన్నగా పోవలసినదే. పదునొకండవ ప్రకరణమున గాని విశాలమగు మైదానము కనబడదు. అచ్చటికి చేరుటకు ఇరువది గంటలకు పైగా పట్టును. జపానునందలి 'ఫామిత్సు' పత్రికలో నలుగురు విమర్శకులు తలకు పది చొప్పున మార్కు లిచ్చు ఆచారము కలదు. వారు దీనికి నలువదింట ముప్పదితొమ్మిది యిచ్చిరి. ఇతర దేశములందు పలువురు విమర్శకులు ఆ సందునే నిందించిరి. "ఇరువది గంటలు ఓర్చుకొనుడు, తరువాత బాగుండును" అను మాట యీ యాటనుబట్టి యొక సామెతవలె వ్యాపించినది.

ఆ మాటను కొంచెము తూచి చూడవలెను. ఆటను సగములో విడిచి నిందించువాడు నిర్మాతకు అన్యాయము చేయును, నిజమే. కాని యిరువది గంటల విసుగును లెక్కవేయక, చివరి సౌఖ్యమును మాత్రమే పొగడువాడు కొనువానికి అన్యాయము చేయడా? ఉద్యోగము చేసికొని, రాత్రి భోజనమైన పిమ్మట గంటసేపు ఆడు గృహస్థునకు ఇరువది గంటలనగా దాదాపు మూడు వారములు. కొన్నవారిలో చివరిదాక ఆడనివారే ఎందఱో కలరు. వారికి ఆట యనగా దాని మొదటి భాగమే. కావున ఆటను పూర్తిగా ఆడుట న్యాయమునకు అవసరమనుట సగము సత్యము. విమర్శకుడు ఎవరి పక్షమున సాక్ష్యము చెప్పుచున్నాడో తెలియుట తక్కిన సగము.

ఈ వివాదము బహిరంగముగా న్యాయస్థానమున కెక్కినట్లయినది 2009లో. గ్రీసు రాజధానియగు ఏథెన్సులోని అవెంచురిన్ అను సంస్థవారు 'డార్క్‌ఫాల్' అను ఆటను ఆ సంవత్సరారంభమున వెలువరించిరి. వేలకొలది జనులు ఇంటర్నెట్టు మూలమున ఒక్కటే లోకమున కూడి, దండులు కట్టి, నగరములను జయించు ఆట యది. నైపుణ్యములు వాడుకొలది మెల్లమెల్లగా పెరుగును. స్నేహములును వైరములును నెలలమీద గాని యేర్పడవు. ఇంగ్లండునందలి 'యూరోగేమర్' అను ఇంటర్నెట్టు పత్రికలో ఒక విమర్శకుడు దీనికి పదింట రెండు మార్కు లిచ్చెను. నిర్మాతలు కోపించి, తమ యంత్రములలోని లెక్కలు బయటపెట్టి, ఆయన ఆడినకాలము రెండు గంటలకు మించలేదనిరి. ఆ లెక్క తప్పనియు, తానాడినది అంతకంటె చాల యెక్కువనియు విమర్శకుడు బదులు చెప్పెను. పత్రికాధిపతి తమ విమర్శకుని పక్షమును విడువక, అయినను చదువరుల సందేహము తీర్చుటకు మఱియొక అనుభవజ్ఞునిచేత ఆ యాటనే తిరిగి విమర్శింపజేసెను. ఆయన సావకాశముగా ఆడి దీర్ఘముగా వ్రాసి పదింట నాలుగు మార్కు లిచ్చెను.

ఈ కథలో మేము గమనించినవి రెండు. మొదటిది: మాఱిన మార్కులు రెండు మాత్రమే. ఎక్కువకాలము చూచిన కన్నును ఆ యాటను గొప్పదనలేదు. కనుక, తక్కువ యాడిన విమర్శకుని తీర్పు తప్పయి తీరవలెనను నియమము లేదు. రెండవది: మొదటి విమర్శలో ఆడినకాలము ఇంతయని ముందే యుండినచో, నిర్మాతలకు పట్టుకొనుటకు ఆ కొనయే దొరకి యుండెడిది కాదు. వివాదము ఆటను గుఱించి జరుగవలసినది గంటలను గుఱించి జరిగినది. సాక్షి తానెక్కడ నిలిచి చూచెనో చెప్పనిచో, అతని మాట నిజమైనను నిలువదు.

ఇంతమాత్రమున విమర్శకులను సోమరులనుట న్యాయము కాదు. వారిలో పలువురు నెలజీతము లేక వ్యాసమునకింతయని కూలి పుచ్చుకొనువారు. వంద గంటల ఆటకును పది గంటల ఆటకును కూలి యొక్కటే యైనప్పుడు, వారి శ్రద్ధకు శిక్ష వేసినట్లే యగును. అంతేకాక, ఆటను ముందుగా చేతికిచ్చువారు దాని ప్రచురణకర్తలే. ఎప్పుడియ్యవలెనో, ఎట్లియ్యవలెనో నిర్ణయించువారును వారే. 2015లో 'మెటల్ గియర్ సాలిడ్ 5' అను దీర్ఘమగు ఆటకు ప్రచురణకర్తలు విమర్శకులను తామేర్పఱచిన చోటికి పిలిచి, నియమిత వేళలలో కొన్నిదినములు ఆడనిచ్చిరి. 2023 ఆగస్టు 3వ తేదిని వెలువడిన 'బాల్డర్స్ గేట్ 3' పూర్తిచేయుటకు వంద గంటలైనను చాలనంతటిది. బెల్జియమునందలి దాని నిర్మాతలు ముందు చెప్పిన తేదికంటె దాదాపు నెల ముందే దానిని వెలువరించిరి. విమర్శకులకు ప్రతి అందిన పిమ్మట మిగిలినవి కొలదిదినములే. కొందఱు నిజాయితీతో "ఈ విమర్శ యింకను సాగుచున్నది" అని తలకట్టు పెట్టి, చూచినంతవఱకు వ్రాసి, తక్కినది తరువాత పూరించిరి. నిద్ర మాని పరుగుపరుగున ఆడువాడు చూచిన ఆట వేఱు. ఇంట తీరికగా ఆడువాడు చూచు ఆట వేఱు. దారిప్రక్క చెట్టును చూడవలెనని చేసిన ఆటను రైలుబండిలో పోవుచు చూచినట్లుండును.

గంటలు చాలినను తీరని చిక్కు మఱియొకటి కలదు. 2020 డిసెంబరు 10వ తేదిని పోలండునందలి సీడీ ప్రాజెక్టు సంస్థవారు 'సైబర్‌పంక్ 2077' అను ఆటను వెలువరించిరి. ముందుగా విమర్శకుల కిచ్చినది శక్తిగల కంప్యూటర్లలో నాడు ప్రతి మాత్రమే. దానినిబట్టి ప్రశంసలు వ్రాయబడినవి. పాత 'ప్లేస్టేషన్ 4' యంత్రము లున్న గృహస్థులు అదే పేరుగల ఆటను కొని చూడగా, అది మాటిమాటికి నిలిచిపోవుచు, బొమ్మలు చెదరుచుండెను. దాదాపు వారమునకే సోనీ సంస్థవారు దానిని తమ అంగడినుండి తొలగించి సొమ్ము తిరిగి యిచ్చిరి. 2021 జూనులో గాని మఱల అమ్మకమునకు పెట్టలేదు. ఇక్కడ విమర్శకుడు మెతుకు సరిగానే పట్టి చూచెను. కాని విస్తరిలో వడ్డించినది వేఱొక కుండలోనిది.

వండిన కుండనే తిరిగి వండిన కథయు కలదు. 2010 సెప్టెంబరులో వెలువడిన 'ఫైనల్ ఫాంటసీ 14' విమర్శకుల నిందకు పాత్రమై, డిసెంబరునాటికి ఆ సంస్థాధ్యక్షుడు క్షమాపణము చెప్పవలసివచ్చెను. క్రొత్త నాయకునిక్రింద దానిని పునాదులనుండి తిరిగి కట్టిరి. 2012 నవంబరున పాత లోకమును కథలోనే ఒక మహాసర్పముచేత నాశనము చేయించి, 2013 ఆగస్టున క్రొత్తదానిని తెఱచిరి. అది మిక్కిలి ప్రఖ్యాతి పొందెను. 2010నాటి విమర్శ అబద్ధము కాదు. కాని యది వర్ణించిన వస్తు వీ లోకమున లేదు. తేదిలేని విమర్శ తిథివార నక్షత్రములు లేని పంచాంగము వంటిది.

ఈ తీర్పులవలన కలుగు నష్టము కొనువారిది మాత్రమే కాదు. 2001లో పుట్టిన 'మెటాక్రిటిక్' అను స్థానము పెక్కు విమర్శల మార్కులను కూర్చి, ఒక్క సగటు అంకెను ప్రకటించును. 2010లో 'ఫాల్అవుట్: న్యూ వేగస్' అను దీర్ఘమగు ఆటను అబ్సిడియన్ అను సంస్థవారు చేసిరి. సగటు 85 వచ్చినచో వారికి అదనపు సొమ్ము దక్కునట్లు ఒడంబడిక యుండెను, వచ్చినది 84. ఈ సంగతిని ఆ సంస్థాపకులలో నొకరు 2012లో వెల్లడించిరి. ఆ ఒక్క మార్కు ఎక్కడ పోయినది? ఎవడో యొక విమర్శకుడు తొందరలో నుండెనో, మఱియొకడు లోపములనే చూచెనో, లేక అందఱును సరిగానే తూచిరో చెప్పజాలము. ఎవరు ఎంతవఱకు ఆడిరో చెప్పని అంకెలను కూడి భాగించినంత మాత్రమున వానికి ప్రామాణ్యము రాదు. అట్టి అంకెపై పనివారి కూలి నాధారపఱచుట మా దృష్టిలో గొప్ప అన్యాయము.

ఇట్లు ఇతరులకు నీతులు చెప్పుటకు ముందు మా తప్పు చెప్పుకొనవలెను. కొన్నియేండ్ల క్రిందట అర్ధసంవత్సరపరీక్షల ఉత్తరపత్రములు దిద్దుచుండగా, రాత్రి ప్రొద్దుపోయినది. ఇంకను ముప్పదికి పైగా మిగిలియుండెను. ఒక పిల్లవాడు తనకు రాని ప్రశ్ననే మొదట నెత్తుకొని రెండు పుటలు పాడుచేసెను. ఆ రెండు పుటలు చూచి వాని శక్తి యింతేయని మేము నిశ్చయించుకొని, తక్కినదానిపై కన్ను పాఱవేసి, తక్కువ మార్కులు వేసితిమి. తల్లిదండ్రులకు పత్రములు చూపుదినమున వాని తల్లి వచ్చి, మెల్లగా పుటలు తిప్పి, చివరి మూడు పుటలయొద్ద ఆగి, "మాస్టారుగారూ, ఇవి కూడా చూశారా?" అని మాత్రము అడిగెను. అందు ఆ తరగతిలో మఱి యెవడును వ్రాయని చక్కని సమాధాన మున్నది. మార్కులు దిద్దితిమి, కాని నెలదినములపాటు తాను మందమతినని నమ్మిన ఆ పిల్లవాని మనస్సును దిద్దుట అంత సులభము కాలేదు. ఒక్క మెతుకు న్యాయము ఎక్కడ చెల్లదో మాకు నేర్పినది ఆ తల్లియే.

కావున మేము కోరున దెక్కువ కాదు. విమర్శకుడు ఎన్ని గంటలాడెనో, ఎంతవఱకు చేరెనో, ఏ యంత్రముపై, ఏ తేదిన ఆడెనో మొదటి పంక్తులలోనే చెప్పవలెను. చూడనిదానిపై తీర్పు చెప్పరాదు; చూచినదానిపై జంకరాదు. పత్రికాధిపతి ఆట పొడవునుబట్టి గడువును కూలిని పెంచవలెను. ఆట మాఱినప్పుడు విమర్శను తిరిగి వ్రాయింపవలెను. మార్కులు మానినంత మాత్రమున సమస్య తీరదు. పైని చెప్పిన యూరోగేమర్ పత్రికవారే 2015లో మార్కులను విడిచి, 2023లో నక్షత్రముల రూపమున మఱల తెచ్చుకొనిరి. చదువరులు ఒక గుర్తును కోరుట సహజమే; ఆ గుర్తు వెనుకనున్న సాక్ష్యమును గూడ కోరుట నేర్వవలెను.

మా యింటికి వచ్చిన తండ్రిగారికి మేము చెప్పినది కొంచెమే. ఇద్దఱు సమీక్షకులలో ఎవరి మాటయు ఇప్పుడే నమ్మనక్కఱలేదనియు, రెండు నెలలాగి, ఆట ముగించి వ్రాసినవారి మాటలను, నడుమ విడిచి వ్రాసినవారి మాటలను ప్రక్కప్రక్కన పెట్టి చదువుడనియు చెప్పితిమి. వారు నవ్వి, అంతదాక తమ కుమారుడు ఆగడనిరి. అయితే మొదటి పది గంటలు వానిప్రక్క కూర్చుండి మీరును చూడుడంటిమి. వారట్లే చేసిరట. పదవ గంటనాటికి ఆ యాటను గుఱించి తండ్రికి ఒక యభిప్రాయము, కొడుకునకు మఱియొక యభిప్రాయము ఏర్పడినదనియు, వాదము ఇంకను సాగుచున్నదనియు మొన్న కనబడి చెప్పిరి.